నది ఒడ్డున ఇంటికి కూల్చివేత నోటీసు వస్తే ఏం చేయాలి

గేటుకు అంటించిన కాగితం చూడగానే చాలామంది ముందు తెలిసిన నాయకుడికి ఫోను చేస్తారు. తర్వాత కోపంతో ఆ కాగితం పీకేస్తారు. దయచేసి ఈ రెండూ చేయకండి. ఆ కాగితం అందిన రోజు నుంచే సాధారణంగా మీకున్న రోజులు లెక్కకొస్తాయి. కోర్టులో మీ తరఫున నిలబడే మొదటి సాక్ష్యం కూడా అదే కావచ్చు. అంటించినది అంటించినట్టే ఫొటో తీయండి. గోడ, ఇంటి నంబరు, కాగితం మూడూ ఒకే ఫొటోలో పడాలి. ఆ తర్వాత జాగ్రత్తగా తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. సిబ్బంది చేతికి ఇవ్వబోతే తీసుకోండి. తీసుకోకపోతే నోటీసు అందనట్టు కాదు, తీసుకోవడానికి నిరాకరించారని రాసి గోడకు అంటిస్తారు, అంతే.

కృష్ణా కరకట్ట మీదైనా, మూసీ పక్కనైనా, గోదావరి లంకల దగ్గరైనా ఈ తగాదాలన్నీ చివరికి ఒకే ప్రశ్న దగ్గర తేలతాయి. నది హద్దు ఎక్కడ? మీ ఇల్లు ఎంత బాగుంది, ఎంత అప్పు చేసి కట్టారు, ఎన్నేళ్లుగా ఇంటి పన్ను కడుతున్నారు అన్నవి ఆ ప్రశ్నకు జవాబులు కావు. అందుకే కింద చెప్పే పనుల్లో ఎక్కువ భాగం ఆ గీత చుట్టూనే తిరుగుతాయి.

మొదటి పని: నోటీసు మిమ్మల్ని ఏమని అడుగుతోందో చూడండి

నోటీసులన్నీ ఒకలాంటివి కావు. పురపాలక సంఘమో, పట్టణాభివృద్ధి సంస్థో ఇచ్చిందైతే సాధారణంగా "అనుమతి లేకుండా కట్టారు" అంటుంది. తహసీల్దారు ఇచ్చిందైతే "ఈ భూమి ప్రభుత్వానిది, ఖాళీ చేయండి" అంటుంది. నీటిపారుదల శాఖదైతే ప్రవాహానికి అడ్డంగా ఉందంటుంది. ఆంధ్ర ప్రాంతంలో 1884 నాటి నదుల పరిరక్షణ చట్టాన్ని ఈ నోటీసుల్లో ఇప్పటికీ ఉదహరిస్తుంటారు.

ఈ తేడా చిన్నది కాదు. అనుమతి లేదన్న ఆరోపణకు జవాబు ప్లాను, ఫీజు రశీదు, అనుమతి పత్రం. భూమి మీది కాదన్న ఆరోపణకు జవాబు దస్తావేజు, పాత రెవెన్యూ రికార్డు, సర్వే. భూమి మీది కాదని నోటీసు ఇస్తే ప్లాను అనుమతి చూపించి గెలిచామనుకుని ఊరుకున్నవాళ్లున్నారు. అనుమతి ఇచ్చిన అధికారి భూమి హక్కును నిర్ణయించలేడు. భూమి పట్టాదే అయినంత మాత్రాన దాని మీద కట్టే హక్కూ రాదు. రెండు ఆరోపణలూ ఒకే నోటీసులో ఉంటే రెండింటికీ విడివిడిగా జవాబు చెప్పాలి.

నోటీసులో నాలుగు చోట్ల పెన్సిలుతో గీత గీయండి: ఏ చట్టం, ఏ సెక్షన్, ఏ సర్వే నంబరు, ఎన్ని రోజుల గడువు. ప్రభుత్వ భూమి ఆక్రమణ అంటే మామూలుగా 1905 నాటి భూ ఆక్రమణ చట్టం ఉంటుంది. అందులో 7వ సెక్షన్ కింద వచ్చేది సంజాయిషీ అడిగే నోటీసు, 6వ సెక్షన్ కింద వచ్చేది ఖాళీ చేయమనే ఉత్తర్వు. మీకు 7 రాకుండా నేరుగా 6 వచ్చిందంటే మీ వకీలుకు మొట్టమొదట చెప్పాల్సిన మాట అదే. సర్వే నంబరు తప్పుగా ఉన్నా, బై నంబరు (ఆ సర్వే నంబరులో మీ ముక్కకు ఇచ్చిన ఉప నంబరు) లేకపోయినా రాసి పెట్టుకోండి. ఒక పెద్ద సర్వే నంబరులో పదిమంది ఇళ్లుంటే "ఆక్రమణ" అన్న మాట ఎవరి ఇంటి గురించో నోటీసే చెప్పాలి.

రెండో పని: మూడు గీతలను విడదీసి అర్థం చేసుకోండి

నది గర్భం, నది హద్దు, హద్దు నుంచి వదలాల్సిన దూరం. ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే సగం గందరగోళం.

నది గర్భం ప్రభుత్వానిది. 1905 చట్టం రెండో సెక్షనే నదులు, వాగులు, చెరువుల గర్భాన్ని ప్రభుత్వ ఆస్తిగా చెబుతుంది. అక్కడ కట్టినదాన్ని ఏ రిజిస్ట్రేషనూ కాపాడదు.

హద్దు అవతల మొదలయ్యేది బఫర్. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168 భవన నిబంధనల ప్రకారం నది హద్దు నుంచి పురపాలక పరిధి బయట 100 మీటర్లు, పరిధి లోపల 50 మీటర్లు కట్టడం లేకుండా వదలాలి. పది మీటర్లకు మించి వెడల్పున్న వాగులకు, కాలువలకు 9 మీటర్లు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ తర్వాత 2017లో జీవో 119 వచ్చింది. మీ అనుమతి ఏ ఏడాదిదో చూసుకుని, ఆనాటికి అమల్లో ఉన్న జీవో ఏదో, తర్వాత దానికి వచ్చిన సవరణలేవో వకీలుతో కలిసి చూడండి.

ఇప్పుడు జీవో 168లో చాలామంది చదవకుండా వదిలేసే మాట ఒకటుంది. నది హద్దును నీటిపారుదల శాఖ, రెవెన్యూ శాఖ నిర్ణయించి ధ్రువీకరించాలి. ఎవరో టేపు పట్టుకుని నీళ్ల అంచు నుంచి కొలిస్తే అది హద్దు కాదు. మే నెలలో నీళ్ల అంచు ఒక చోట ఉంటుంది, సెప్టెంబరులో ఇంకో చోట ఉంటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. ఆ రోజు కరకట్ట లోపలి ఇళ్లలో నిలబడి చూసినవాళ్లకు నది వెడల్పు ఎంతో ఎవరూ చెప్పనక్కర్లేదు. మీ ఇంటికి 50 మీటర్ల దూరం ఉందని మీరనుకుంటున్నారా, అయితే ఏ గీత నుంచి కొలిచారో ముందు చెప్పగలగాలి.

బఫర్‌లో ఉన్న పట్టా భూమి మీ సొంతమే. దాన్ని మీరు సాగు చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అక్కడ కట్టడానికి మాత్రం వీల్లేదు. ఈ తేడా తెలియక "మాది పట్టా భూమి, ఎలా కూలుస్తారు" అని వాదించేవాళ్లున్నారు. "బఫర్ కదా, భూమి ప్రభుత్వానిదే" అని బెదిరించే సిబ్బందీ ఉన్నారు. రెండూ తప్పే.

సముద్రానికి దగ్గరగా, ఆటుపోటు వచ్చే పాయల పక్కన ఉంటే ఇంకో చట్టం కూడా తగులుతుంది. అది తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్. కోనసీమ, దివిసీమ వైపు కొనేవాళ్లు దాన్ని విడిగా చూసుకోవాలి.

మూడో పని: కాగితాలు బయటికి తీయండి

ఈ పనికి ఎక్కువ సమయం ఇవ్వండి. మీ సేల్ డీడ్ ఒక్కటే చాలదు. దానికి ముందున్న లింకు డాక్యుమెంట్లన్నీ, ఎంత వెనక్కి దొరికితే అంత వెనక్కి కావాలి. ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయండి. గ్రామ పటం, ఎఫ్ఎంబీ పటం (ఒక్కో సర్వే నంబరు కొలతల పటం), పాత అడంగల్ (భూమి ఎవరి సాగులో ఉందో చెప్పే రికార్డు), ఆర్ఎస్ఆర్ (సర్వే నంబర్ల వారీ పాత భూమి రిజిస్టరు) నకళ్లు ఆంధ్రలో తీసుకోండి. తెలంగాణలో సేత్వార్ (తొలి సర్వే నాటి భూమి రిజిస్టరు), పాత పహాణీలు (అడంగల్ లాంటివే), టిప్పన్ (కొలతల పటం) అడగండి. ఫోనులో కనిపించే ఆన్‌లైన్ ప్రింటు సరిపోదు, కార్యాలయం ముద్ర ఉన్న నకలు కావాలి. రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) మీ సర్వే నంబరు ఉందేమో, ఉంటే ఎప్పుడు చేర్చారో కనుక్కోండి. మీరు కొన్న తర్వాత చేర్చారా, ముందే ఉందా అన్నది తర్వాత చాలా పనికొస్తుంది.

కాగితాలన్నీ బల్ల మీద పరచి రెండు విషయాలు చూడండి. ఒకటి, హద్దులు. పాత దస్తావేజులో "ఉత్తరం: కృష్ణా నది" అని ఉండి, మీ దస్తావేజులో "ఉత్తరం: ఫలానావారి స్థలం" అని మారిందా? అయితే మధ్యలో ఆ స్థలం ఎక్కడ పుట్టింది? నది వెనక్కి జరిగి మేట వేసిన నేలను ఎవరో కలిపేసుకుని ముక్కలు చేసి అమ్మి ఉండొచ్చు. రెండు, విస్తీర్ణం. తాతల నాటి కాగితంలో ఎకరం ఇరవై సెంట్లున్నది, రెండు చేతులు మారేసరికి ఎకరం అరవై అయిందా? ఆ నలభై సెంట్లు ఎవరి పొలం నుంచీ రాలేదు, ఏటి ఒడ్డు నుంచి వచ్చాయి. ఇలాంటి దస్తావేజులు ఉన్నాయని చెబితే నమ్మరు కానీ, కాగితాలు వరసగా పెట్టి చదివితే ఎవరికైనా కనిపిస్తుంది. కొనే ముందు ఒక పూట కూర్చుని ఈ పని చేసి ఉంటే ఎన్ని కుటుంబాలు బయటపడేవో అని నాకు ప్రతిసారీ బాధేస్తుంది.

ఎఫ్ఎంబీ పటంలో మీ నంబరు పక్కన "నది పోరంబోకు" (నదికి చెందిన ప్రభుత్వ భూమి) అని ఉన్న నంబరు ఏదో చూడండి. రెండింటి మధ్య గీత మీద కొలతలు రాసి ఉంటాయి. నేల మీద వెతకాల్సింది ఆ గీతనే.

ఇంటి పన్ను రశీదు, కరెంటు మీటరు, నీటి కుళాయి జత చేయండి గానీ వాటి మీద ఆశ పెట్టుకోకండి. అవి మీరు అక్కడ ఉంటున్నారని చెబుతాయి, ఆ నేల మీకు చెందిందని చెప్పవు. పంచాయతీ అనుమతి కూడా ఒంటరిగా రక్షించదు. కేరళలో మరడు దగ్గర నీటి ఒడ్డున కట్టిన నాలుగు అపార్ట్‌మెంట్ సముదాయాలకు స్థానిక పంచాయతీ అనుమతులున్నాయి. అయినా తీర నియంత్రణ నిబంధనలకు విరుద్ధమని 2019 మేలో సుప్రీంకోర్టు కూల్చమంది. 2020 జనవరి 11, 12 తేదీల్లో అవి నేలమట్టమయ్యాయి. కొన్నవాళ్లకు ఒక్కొక్కరికి 25 లక్షల తాత్కాలిక పరిహారం ఇవ్వమని ఆదేశించింది గానీ ఇల్లు మాత్రం మిగల్లేదు.

నాలుగో పని: మీరు పక్కన ఉండగా సర్వే చేయించండి

తహసీల్దారుకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. ఆంధ్రలో దీన్ని ఎఫ్-లైన్ పిటిషన్ అంటారు. రెవెన్యూ, నీటిపారుదల శాఖలు కలిసి చేసే జాయింట్ సర్వే కావాలని స్పష్టంగా రాయండి. అదే రోజు నీటిపారుదల శాఖ కార్యనిర్వాహక ఇంజనీరు కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు వేయండి. మీ గ్రామంలో ధ్రువీకరించిన నది హద్దు పటం, గరిష్ఠ వరద మట్టం వివరం, మీ సర్వే నంబరు గురించి జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు అడగండి. జవాబుకు 30 రోజుల గడువుంది, నోటీసు గడువు అంతకంటే ముందే అయిపోవచ్చు. అయినా వేయండి. పటం అడిగారని, ఇవ్వలేదని రుజువు ఉంటుంది.

సర్వే రోజు ఎంత పనున్నా మానుకుని వెళ్లండి. పక్క పొలం రైతుల్లో పెద్దవాళ్లను ఒకరిద్దరిని తీసుకెళ్లండి. సర్వేయరు ఏ రాయి నుంచి కొలత మొదలుపెట్టాడో చూడండి. మొత్తం అక్కడే ఉంది. మూడు ఊళ్ల హద్దులు కలిసే చోట పాతిన పాత రాయి నుంచి మొదలుపెడితే ఒక లెక్క, నిరుడు ఎవరో పాతిన సిమెంటు దిమ్మె నుంచి మొదలుపెడితే ఇంకో లెక్క. పొద దగ్గర మట్టి తవ్వించి చూస్తే పాత రాయి అడుగు లోతులో దొరికిన సందర్భాలున్నాయి. మొదలుపెట్టిన చోటును ఫొటో తీయండి, లొకేషన్ ఆన్ చేసి తీయండి.

పంచనామా మీద ఖాళీలుంటే సంతకం పెట్టకండి. కొలతలతో మీరు ఏకీభవించకపోతే "అభ్యంతరంతో" అని రాసి, ఒక్క వాక్యంలో కారణం రాసి, అప్పుడు సంతకం చేయండి.

ఐదో పని: గడువు లోపల జవాబివ్వండి

జవాబు రెండు పేజీలు దాటక్కర్లేదు. మీ కష్టాల చరిత్ర అందులో వద్దు. ఇలా ఉంటే చాలు:

"ఫలానా తేదీ నోటీసు నాకు ఫలానా రోజు అందింది. సదరు సర్వే నంబరులో 12 సెంట్లు నాకు ఫలానా నంబరు దస్తావేజు ద్వారా సంక్రమించింది. లింకు దస్తావేజులు జతపరిచాను. నోటీసులో చెప్పిన నది హద్దుకు ఆధారమైన పటం నకలు నాకు ఇవ్వలేదు. ఆ పటం ఇచ్చి, నా సమక్షంలో జాయింట్ సర్వే జరిపి, స్వయంగా విన్నవించుకునే అవకాశం ఇచ్చి, ఆ తర్వాతే నిర్ణయం తీసుకోవాలని కోరుతున్నాను. అంతవరకు తదుపరి చర్య నిలిపివేయగలరు."

స్వయంగా ఇచ్చి ఇన్‌వార్డ్ ముద్ర (అందినట్టు కార్యాలయం వేసే ముద్ర) వేయించుకోండి, మరో ప్రతి స్పీడ్ పోస్టులో పంపండి. తెలిసి తెలిసి తప్పు రాయకండి. అనుమతి రెండంతస్తులకే ఉండి మూడు వేసి ఉంటే దాచకండి. దాచారని బయటపడిన రోజు నిజంగా మీ వైపు ఉన్న విషయాలను కూడా కోర్టు నమ్మదు.

ఆరో పని: కోర్టుకు వెళ్లాల్సి వస్తే

మీ జవాబు పరిశీలించకుండానే యంత్రాలు వస్తున్నాయని తెలిస్తే హైకోర్టులో రాజ్యాంగం 226 అధికరణం కింద రిట్ పిటిషన్ వేయాలి. అదే రోజు విచారణకు లంచ్ మోషన్ అంటారు, సెలవు రోజైతే హౌస్ మోషన్. దీనికి మీ వకీలు చేతిలో నోటీసు, మీ జవాబు, ఇన్‌వార్డ్ ముద్ర, దస్తావేజు సిద్ధంగా ఉండాలి. శుక్రవారం సాయంత్రం ఉత్తర్వు ఇచ్చి ఆదివారం కూల్చిన సంఘటనలు హైదరాబాద్‌లో జరిగాయి. 2024 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు సెలవు రోజున కూల్చడం ఏమిటని అధికారులను నిలదీసింది కూడా. కాబట్టి శుక్రవారాలు జాగ్రత్త.

కూల్చివేతల మీద 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి అందరూ చెబుతారు. ముందుగా నోటీసు, కనీసం 15 రోజుల గడువు, విచారణ, కారణాలతో ఉత్తర్వు, ఆ తర్వాత మరో 15 రోజులు, కూల్చివేత వీడియో తీయడం, ఇవి పాటించకపోతే అధికారి సొంత జేబులోంచి నష్టపరిహారం. ఇదంతా నిజం. చెప్పేవాళ్లు వదిలేసే భాగం ఇంకోటుంది. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, రైలు పట్టాల పక్కన, నదులు, ఇతర నీటి వనరుల్లాంటి బహిరంగ స్థలాల్లోని అక్రమ కట్టడాలకు ఆ ఆదేశాలు వర్తించవని అదే తీర్పు చెప్పింది. అంటే ఆ తీర్పు మీకు అక్కరకొస్తుందా లేదా అన్నదీ మళ్లీ గీత మీదే ఆధారపడుతుంది. ఇల్లు నది గర్భంలో లేదు, పట్టా భూమిలో ఉంది అని పటంతో చూపగలిగితేనే ఆ 15 రోజుల మాట బలంగా ఎత్తగలరు. చూపలేకపోయినా నోటీసులో ఉదహరించిన చట్టం విధించే పద్ధతిని అధికారులు పాటించాల్సిందే. అది విడి వాదన.

భూమి హక్కు మీదే నిజమైన తగాదా ఉంటే ఇంకో పాత తీర్పు మీకు అండ. 1982లో తుమ్మల కృష్ణారావు కేసులో సుప్రీంకోర్టు, హక్కు గురించి నిజాయితీగల వివాదం ఉన్నచోట 1905 చట్టం కింద గబగబా ఖాళీ చేయించడం కుదరదని, ప్రభుత్వమే సివిల్ కోర్టుకు వెళ్లి తేల్చుకోవాలని చెప్పింది. అది హైదరాబాద్ హబ్సిగూడ భూమి కేసు. తరాలుగా చేతిలో ఉన్న పట్టా, పాత రికార్డు ఉన్నవాళ్లకు ఇది వర్తిస్తుంది. నిరుడు స్టాంపు కాగితం మీద కొన్నవాళ్లకు వర్తించదు.

సివిల్ దావా మీరే వేస్తే, ప్రభుత్వం మీద కాబట్టి రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, అత్యవసరమైతే కోర్టు అనుమతితో ముందే వేయొచ్చు. స్థలం చూసి కొలిచి నివేదిక ఇవ్వడానికి అడ్వొకేట్ కమిషనర్‌ను నియమించమని అడగండి. అదే ఆ దావాలో మీకు దక్కే అసలు లాభం.

స్టే వచ్చిందంటే గెలిచినట్టు కాదు. ఉన్నది ఉన్నట్టు ఉంచమన్నారు, అంతే. స్టే మీద ఇంకో గది వేస్తే, ప్రహరీ కడితే మీరే కోర్టు ధిక్కారంలో పడతారు.

వకీలు ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 15100కు ఫోను చేయొచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వరద బాధితులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఇల్లు భార్య పేరున ఉంటే ఆమె పేరునే దరఖాస్తు పెట్టండి.

గీత మీకు వ్యతిరేకంగా తేలితే

ఇది రాయడానికి నాకు ఇష్టం లేదు గానీ చెప్పకపోతే అన్యాయం. ఇల్లు నిజంగా నది గర్భంలో ఉంటే క్రమబద్ధీకరణ ఆశ పెట్టుకోకండి. బీపీఎస్ (అనుమతి లేని భవనాల క్రమబద్ధీకరణ పథకం) అయినా ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) అయినా నీటి వనరుల్లోని స్థలాలను పక్కన పెట్టాయి. దాని పేరు చెప్పి డబ్బు అడిగేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. ఆ దశలో కోర్టును అడగాల్సింది వ్యవధి. పిల్లల పరీక్షలు అయ్యేదాకా, వర్షాకాలం దాటేదాకా గడువు, ఆపైన సామాను, తలుపులు, కిటికీలు, ఇనుము మీరే తీసుకెళ్లే వీలు. పేద కుటుంబమైతే పునరావాసం రాతపూర్వకంగా అడగాలి. మూసీ పక్కన 2024లో గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ (నది గర్భంలో ఉన్నవని గుర్తు) అని రాసిన ఇళ్లవాళ్లకు రెండు పడకగదుల ఇళ్లు ఇస్తామన్నారు. మీ దగ్గర అలాంటి హామీ నోటిమాటగా వస్తే, కేటాయింపు పత్రం చేతికి వచ్చేవరకు గడప దాటకండి.

ఆ వెంటనే అమ్మినవాడి మీదకు వెళ్లండి. సేల్ డీడ్‌లో హక్కులో లోపం ఉంటే నష్టం భరిస్తానని రాసి ఉంటుంది, చివరి పేజీల్లో చూడండి. బిల్డరు దగ్గర ఫ్లాటు కొన్నవాళ్లకు రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 18వ సెక్షన్ రెండో ఉపవిభాగం ఉంది. భూమి హక్కులోని లోపం వల్ల నష్టపోతే బిల్డరు పరిహారం ఇవ్వాలి, ఆ క్లెయిముకు కాలపరిమితి అడ్డు రాదని చట్టమే చెబుతుంది. వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్ల గడువు, కాబట్టి ఆలస్యం చేయకండి. అప్పు ఇచ్చిన బ్యాంకు తన న్యాయవాదితో తీయించిన లీగల్ ఒపీనియన్ నకలు కూడా అడిగి తీసుకోండి.

మీరు అవతలి పక్క ఉంటే

ఇంతవరకు నోటీసు అందుకున్నవాళ్లకు చెప్పాను. మీ ఊరి ఏటి ఒడ్డున ఎవరో రిసార్టు కోసం మట్టి పోయిస్తుంటే, రేపు వరద మీ వీధిలోకి మళ్లుతుందని మీకు తెలిస్తే, మీ చేతిలోనూ దారులున్నాయి. పునాది దశలోనే తహసీల్దారుకు, నీటిపారుదల శాఖకు, పురపాలక కమిషనరుకు ఒకే ఫిర్యాదు ఫొటోలతో ఇచ్చి ముద్రలు వేయించుకోండి. కదలిక లేకపోతే చెన్నైలో ఉన్న జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ ప్రాంత ధర్మాసనానికి వెళ్లొచ్చు. వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి ఆరు నెలల్లో వెళ్లాలి, సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇస్తారు, ఆపైన తలుపు మూసేస్తారు. అందుకే మొదటి ట్రాక్టరు మట్టి దింపిన రోజు ఫొటో తేదీతో సహా దాచండి. నది ఒడ్డు ప్రభుత్వం ఇష్టమొచ్చినట్టు ఎవరికో ఇచ్చుకునే సొత్తు కాదని, ప్రజల తరఫున ధర్మకర్తగా కాపాడాల్సిందని 1996లో బియాస్ నది పక్కన మోటల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటను మీ దరఖాస్తులో మొదటి పేరాలోనే రాయించండి. ఫిర్యాదు ఒక్కరి పేరున కాకుండా పదిమంది సంతకాలతో పెట్టండి, ఒంటరిగా కనిపించే మనిషినే వాళ్లు ముందు భయపెడతారు.